చదివాకే పంచుదాం – ఆ అడ్డుకట్ట ఫోన్‌లోనే పెట్టాలి

2018 జులైలో హైదరాబాద్ నుంచి బీదర్ జిల్లాకు వెళ్ళిన కొందరు మిత్రులు అక్కడి బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అంటూ వాళ్ళ వీడియో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. దారికాచిన జనం చేతుల్లో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ప్రాణం పోయింది. దేశమంతటా ఆ భయాన్ని రేపిన వీడియోల్లో ఒకటి కరాచీలో తీసిన అవగాహన చిత్రం. పిల్లాణ్ణి తిరిగి దింపేసే చివరి భాగాన్ని ఎవరో కత్తిరించారు.

చదువుకున్నవాళ్ళు కూడా ఇలాంటివి ఎందుకు నమ్ముతారు? అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎస్. శ్యామ్ సుందర్ దశాబ్దాలుగా ఈ ప్రశ్న వెంటే ఉన్నారు. 2001లో క్లిఫర్డ్ నాస్‌తో కలిసి ప్రచురించిన ప్రయోగంలో, సంపాదకులు ఎంచిన వార్తలకన్నా తోటి పాఠకులు ఎంచారని చెప్పిన వార్తలే జనానికి ఎక్కువ నచ్చాయి. నిజానికి అందరికీ ఇచ్చిన వార్తలు ఒకటే! లైకులు, షేర్ల సంఖ్య చేసే పని కూడా ఇదే. నలుగురూ మెచ్చారంటే మంచిదే అయ్యుంటుందని మనసు అడ్డదారిన తేల్చేస్తుంది. మన దేశంలోనే ఆయన బృందం చేసిన మరో అధ్యయనంలో, ఒకే అబద్ధాన్ని రాతగా, మాటగా, వీడియోగా చూపిస్తే వీడియోనే ఎక్కువ నమ్మారు.

2024లో వెలువడిన పరిశోధన ఇంకా కలవరపెడుతుంది. 2017 నుంచి 2020 దాకా ఫేస్‌బుక్‌లో లింకులున్న మూడున్నర కోట్లకు పైగా పోస్టులను పరిశీలిస్తే, దాదాపు 75 శాతం షేర్లు లింకు తెరవకుండానే జరిగాయని తేలింది.

జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీ రెమా రాజేశ్వరి నాయకత్వంలో పోలీసులు 2018లో ఊరూరా తిరిగి, జానపద కళాకారుల పాటలతో పుకార్లను ఎదుర్కొన్నారు. ఎంతో మెచ్చదగ్గ పని. అయితే అర్ధరాత్రి ఫార్వర్డ్ బటన్ మీద వేలు పెట్టినవాడి పక్కన కానిస్టేబుల్ ఉండడు, పాటగాడూ ఉండడు. ఆ క్షణంలో ఆపగలిగేది యాప్ ఒక్కటే.

ఇది జరగని పని కాదు. 2020లో ట్విట్టర్, తెరవని వ్యాసాన్ని రీట్వీట్ చేయబోయేవారిని "ముందు చదువుతారా?" అని అడిగి చూసింది. ఆ ప్రశ్న ఎదురైనవాళ్ళు వ్యాసాలు తెరవడం 40 శాతం పెరిగిందని ఆ సంస్థే ప్రకటించింది. అదే ఏడాది, అప్పటికే చాలా చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా వాట్సాప్ కట్టడి పెట్టాక, అలాంటి ఫార్వర్డ్‌లు 70 శాతం తగ్గాయి.

కాబట్టి రెండు కోరికలు. తెరవని లింకును, పూర్తిగా చూడని వీడియోను పంపబోతే ప్రతి యాప్ తెలుగులో స్పష్టంగా ఒక హెచ్చరిక చూపాలి. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు, మన ఎంపీలు ఈ మాటను ఆ కంపెనీల ముందు, కేంద్రం ముందు గట్టిగా పెట్టాలి.

గ్రూపు అడ్మిన్లు అప్పటిదాకా ఆగనక్కర్లేదు. చదవకుండా ఏదీ పంపకూడదన్న నియమాన్ని ఈరోజే మీ గ్రూపులో పెట్టండి.