పొలం గట్టు మీద తాతా మనవడూ
పెద్దలకూ కుర్రకారుకూ పొసగడం లేదని సభలు పెట్టి బుద్ధులు చెప్పడం దండగ. ఇద్దరినీ పొలం కాగితాల ముందు కూర్చోబెట్టండి. ఆంధ్రాలో అయితే మీభూమి వెబ్‌సైటులో అడంగల్, 1బీ లాంటి భూమి రికార్డులు మనవడు చిటికెలో తీస్తాడు. కానీ వాటిలో ఉన్న సర్వే నంబరుకు తూర్పున ఎవరి చేను, హద్దురాయి ఎక్కడ పూడిపోయింది, అన్నదమ్ముల పంపకంలో బావి నీళ్లకు వంతులెలా వేసుకున్నారు, ఇవన్నీ తాతకే తెలుసు. చెబుతూ చెబుతూ ఆయన పాత తగాదాలన్నీ తవ్వుతాడు. తవ్వనివ్వండి, రేపు పేచీ వస్తే పనికొచ్చేవి అవే. తల్లిదండ్రుల పోషణకు 2007లో చట్టం వచ్చింది; అది భరణం ఇప్పిస్తుంది గానీ మాటలు కలపదు. సంక్రాంతికి ఊరెళ్లే కుర్రాళ్లూ, ఈసారి ఫోనుతో పాటు తాతనూ పొలానికి తీసుకెళ్లండి.