వాసెన కట్టిన జాడీ

గుంటూరు నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. ఇంట్లో కంప్యూటరు కొని ఆరేళ్లయిందిట. పిల్లల పుట్టినరోజులు, గృహప్రవేశం, మామగారి షష్టిపూర్తి - అన్ని ఫొటోలూ అందులోనే ఉన్నాయిట. "వీటికి ఇంకో ప్రతి తీసి ఉంచుకుందాం, విడిగా ఒక హార్డ్ డిస్కు కొనండి అంటే, 'డి డ్రైవ్‌లో కాపీ చేసి పెట్టానుగా, ఇంకా ఎందుకు దండగ?' అంటున్నారు మావారు. ఎవరి మాట ఒప్పు?" అని ఆవిడ ప్రశ్న.

ఆలుమగల తగవులో తలదూర్చడం నాకిష్టం లేదు. కాని ఈ తగవు ఒక్క గుంటూరులోదే కాదు. కంప్యూటరున్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. అంచేత తీర్పు చెప్పక తప్పదు. సోదరి మాటే ఒప్పు. వారి శ్రీవారు నన్ను క్షమించాలి.

చాలా ఇళ్లలోని కంప్యూటర్లలో ఉండేది ఒక్కటే డిస్కు. సి డ్రైవ్, డి డ్రైవ్ అని రెండు పేర్లు కనపడుతున్నా, అవి ఒకే బీరువాలో రెండు అరలు. పై అరలో పట్టుచీర ఉంది, కింది అరలో దాని జోడు ఉంది, ఇంకేం భయం అనుకుంటాం. దొంగ బీరువానే ఎత్తుకుపోతే? పాత రకం హార్డ్ డిస్కులో అద్దంలాంటి పళ్లాలు నిమిషానికి 5,400 సార్లో, 7,200 సార్లో తిరుగుతుంటాయి. వాటి మీది వ్రాతను చదివే ముల్లు పళ్లేన్ని తాకకుండా, తల వెంట్రుక మందంలో కొన్ని వేల వంతుల ఎత్తులో తేలుతూ ఉంటుంది. ఆ ముల్లు ఒక్కసారి పళ్లేన్ని గీకిందంటే దానికి సి అనీ డి అనీ భేదం తెలియదు. కొత్త రకం డిస్కుల్లో తిరిగే పళ్లాలు లేవు, నిజమే. అవి చెడినప్పుడు చాలాసార్లు ముందుగా చప్పుడైనా చెయ్యవు. మీ పెట్టెలో నిజంగానే రెండు డిస్కులున్నాయనుకోండి. అయినా కరెంటు ఒకటే, పిడుగు ఒకటే, దొంగ ఒకడే.

మా వీధి చివర రిటైరైన హెడ్మాస్టరు గారొకరున్నారు. ఆయన భార్య పెళ్లిపాటలూ మంగళహారతులూ చాలా బాగా పాడేవారు. అవన్నీ ఆవిడకు అత్తగారి దగ్గరా, అమ్మమ్మ దగ్గరా నోటితో వచ్చినవే. ఏ పుస్తకంలోనూ లేవు. 2020లో అందరం ఇళ్లలో తలుపులు వేసుకు కూర్చున్న రోజుల్లో, మాస్టారు రోజుకొకటి చొప్పున ఆవిడ చేత పాడించి కంప్యూటరులోకి ఎక్కించారు. ఇరవై ఏడు పాటలు. మరుసటి సంవత్సరం ఆవిడ పోయారు. ఆ పాటలకు డి డ్రైవ్‌లో కాపీ కూడా ఉంది. ఆ తరవాత వచ్చిన వేసవిలో ఒక రోజు కంప్యూటరు టకటకమని చప్పుడు చేసి ఊరుకుంది. బాగుచేసేవాళ్ల దగ్గరికి పంపించారు. పళ్లేలు గీచుకుపోయాయి, ఏమీ రాదు అన్నారు.

ఇరవై ఏడింటిలో రెండు మిగిలాయి. ఎలా మిగిలాయంటే, ఆ రెండూ ఆవిడ బతికుండగా రాజమండ్రిలో ఉన్న కూతురికి వాట్సాప్‌లో పంపించారు. మనవరాలి సీమంతానికి నేర్చుకోమని పంపారే తప్ప, దాచమని కాదు. ఆ పిల్ల వాటిని తన ఫోనులో అలాగే ఉంచుకుంది. ఇప్పుడు మాస్టారు సాయంత్రం దీపం పెట్టే వేళ ఆ రెంటినే వింటారు. మూడోది విందామంటే లేదు.

ఇలాంటిదే లోగడ అమెరికాలో, లోకమంతా ఎరిగిన పెద్ద సంస్థలో జరిగింది. పిక్సార్ వారు "టాయ్ స్టోరీ 2" అనే బొమ్మల సినిమా తీస్తున్నారు. 1998లో ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక్క ఆజ్ఞతో సినిమా ఫైళ్లు ఒకటొకటిగా చెరిగిపోవడం మొదలెట్టాయి. గబగబా యంత్రాలను ఆపారు గాని, అప్పటికే చాలా భాగం పోయింది. ఫరవాలేదు, రోజూ ప్రతి తీస్తున్నాం గదా అనుకున్నారు. చూస్తే ఆ ప్రతులు కొంతకాలంగా సరిగా పడడం లేదు. పడుతున్నాయో లేదో తెరిచి చూసినవారు లేరు. ఆ చిత్రానికి పనిచేస్తున్న గాలిన్ సస్మన్ అనే ఆవిడ అప్పటికి కొద్ది కాలం కిందటే ప్రసవించి, ఇంటి దగ్గరే ఉండి పని చూసుకుంటున్నారు. అందుకోసం సినిమా ప్రతి ఒకటి ఆవిడ ఇంటి కంప్యూటరులో ఉంది. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి, కారులో పసిబిడ్డను తెచ్చినంత పదిలంగా తెచ్చారు. సినిమా 1999లో విడుదలైంది.

మాస్టారి పాటలకూ, ఈ సినిమాకూ పోలిక చూడండి. రెండు చోట్లా ఆదుకున్నది పక్క అరలోని ప్రతి కాదు, వేరే ఇంట్లోని ప్రతి. రెండు చోట్లా అది అక్కడ ఉండడం కేవలం అదృష్టం. అదృష్టాన్ని అలవాటుగా మార్చుకోవడమే ఈ వారం నేను చెప్పదలచుకున్న సంగతి.

ఇది మనకు కొత్త విద్య కాదు. తాటాకు పుస్తకం చెదలకూ చెమ్మకూ ఎన్నాళ్లో ఆగదు. మన కావ్యాలు దక్కాయంటే ఊరూరా, ఇంటింటా ఎవరో ఒకరు ప్రతులు వ్రాసుకుని ఉంచబట్టే. 19వ శతాబ్దంలో బ్రౌన్ దొరగారు కడపలో పండితులను పెట్టుకుని, ఒకే కావ్యానికి పలుచోట్ల నుంచి ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి సరిచూయించి శుద్ధప్రతులు వ్రాయించాడు. అన్ని ప్రతులూ ఒకే అటక మీద ఉండి ఉంటే ఆయన మాత్రం ఏం చేసేవాడు?

ఇక వంటింటి సంగతికి వద్దాం. ఆవకాయ పెట్టిన రోజున మనం ఏం చేస్తాం? పెద్ద జాడీకి వాసెన కట్టి అటకెక్కిస్తాం. చిన్న జాడీలోకి కొంత తీసి వాడుకుంటాం. అత్తవారింట ఉన్న అమ్మాయికి ఒక జాడీ పంపుతాం. వాడుక జాడీలో ఎవరో తడి గరిటె పెట్టి బూజు పట్టించినా అటక మీదిది భద్రం. ఇంట్లో రెండూ పోయినా అమ్మాయి దగ్గర ఉంది. పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫరు 3-2-1 అని ఒక సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చాడు: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. మన జాడీల లెక్కకు ఇది చాలా దగ్గర చుట్టం.

వాడుక జాడీ మీ కంప్యూటరు. అటక మీది జాడీ విడిగా కొన్న హార్డ్ డిస్కు. అది ఒక మాదిరి పట్టుచీర ఖరీదుకు మించదు. విండోస్‌లో ఫైల్ హిస్టరీ అనీ, ఆపిల్ కంప్యూటర్లలో 2007 నుంచీ టైమ్ మెషీన్ అనీ ఏర్పాట్లున్నాయి. ఒకసారి అమరిస్తే, డిస్కు తగిలించినప్పుడల్లా మారిన ఫైళ్లను అవే చూసుకుని కాపీ చేసుకుంటాయి. అయితే పని కాగానే డిస్కును ఊడదీయాలి. ఇదే వాసెన కట్టడం. 2017 మే నెలలో వానాక్రై అనే కంప్యూటరు పురుగు దేశదేశాలా పాకింది. ఫైళ్లకు తాళం వేసి, తాళం చెవికి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లకు కూడా తగిలింది. ఇటువంటి పురుగులు ఆ సమయంలో కంప్యూటరుకు తగిలించి ఉన్న డిస్కును కూడా వదలవు. ఊడదీసి బీరువాలో పెట్టినదాని జోలికి మాత్రం రాలేవు.

మూడోది అమ్మాయి ఇంటి జాడీ. ఇంకో డిస్కు కొని, పండక్కి వెళ్లినప్పుడు పుట్టింట్లో ఒకటి ఉంచి, మళ్లీ వెళ్లినప్పుడు కొత్తది ఇచ్చి పాతది తెచ్చుకోవచ్చు. ఒకే ఊళ్లో పక్క వీధిలో కాకుండా కాస్త దూరాన ఉంటే మంచిది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు ఆ నీళ్లు వీధి వీధికీ వచ్చాయి. కంప్యూటరు కిందా, డిస్కు బీరువాలో కింది అరలో ఉన్న ఇంట్లో రెంటికీ ఒకటే గతి.

"మా ఫొటోలన్నీ క్లౌడులో ఉన్నాయండీ" అంటారు కొందరు. మంచిదే, దాన్ని అమ్మాయి ఇంటి జాడీగా లెక్క కట్టుకోండి. కాని రెండు సంగతులు మరవకండి. గూగుల్ ఫోటోస్‌లో ఫోనుకూ క్లౌడుకూ పొత్తు కుదిర్చి ఉంటే, ఇక్కడ చెరిపింది అక్కడా చెరుగుతుంది. 60 రోజులు చెత్తబుట్టలో ఉండి తరవాత పోతుంది. పొత్తు వేరు, ప్రతి వేరు. రెండోది, తాళం చెవి. ఆ ఖాతా పాస్‌వర్డు మావారికి తప్ప ఎవరికీ తెలియదు అనే ఇళ్లు ఎన్నో. రెండేళ్లు వాడకుండా వదిలిన ఖాతాలను తీసివేసే నియమాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలులో పెట్టింది కూడా. అందుకని పాస్‌వర్డును నగల జాబితా వ్రాసుకున్న నోటుపుస్తకంలోనే వ్రాసి, ఇంట్లో మరొకరికి చెప్పి ఉంచండి.

తెలుగులో వ్రాసుకునేవారికి మరో మాట. పాతికేళ్ల కిందట అను లిపిలోనో మరో లిపిలోనో టైపు చేయించిన నాన్నగారి స్వీయచరిత్ర ఫైలు ఎంత పదిలంగా దాచినా, కొత్త కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు కనపడవచ్చు. ఆ రోజుల్లో ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలకే తెలుగు బొమ్మలు తొడిగేవారు. ఆ లిపి లేకపోతే తొడుగు ఊడిపోతుంది. యూనికోడ్‌లో మాత్రం తెలుగు అక్షరాలకు 1991 నుంచీ సొంత సంఖ్యలున్నాయి. అటువంటి ఫైలు మీ ఇంట్లో ఉంటే, పాత కంప్యూటరు పనిచేస్తుండగానే దాన్ని యూనికోడ్‌లోకి మార్పించండి. పీడీఎఫ్‌గా కూడా ఒకటి తీయించండి. ప్రతి ఉండి చదవలేకపోవడం, ఉత్తరం ఉండి భాష మరిచిపోవడం లాంటిది.

ఏవి దాచాలి అని బెంగపడకండి. మళ్లీ కొనగలిగినవీ, మళ్లీ తెచ్చుకోగలిగినవీ ఒక వైపు పెట్టండి. సినిమాలు, పాటల ఆల్బములు పోయినా దొరుకుతాయి. ఆధార్ మళ్లీ దించుకోవచ్చు. ఇక మళ్లీ దొరకనివి ఉంటాయి. ఫొటోలు, గొంతులు, పిల్లల తొలి పలుకులు, నాన్నగారు వ్రాసుకున్న నాలుగు పేజీలు, ఇంటి లెక్కలు. ఇవన్నీ ఒకే ఫోల్డరులో చేర్చి "దాచవలసినవి" అని పేరు పెట్టండి. నెలకొకసారి, పాలవాడి లెక్క చూసే రోజునే, డిస్కు తగిలించండి.

ఆఖరి మాట, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. పిక్సార్ వారికి ప్రతులు లేక కాదు చిక్కు వచ్చింది, తెరిచి చూడక. మనం ఊరగాయకు వాసెన విప్పి అప్పుడప్పుడు చూడమూ? అలాగే మూడు నెలలకొకసారి ఆ డిస్కును వీలైతే వేరొక కంప్యూటరుకు తగిలించి, ఒక ఫొటో తెరవండి, ఒక పాట వినండి, ఒక కాగితం చదవండి. తెరుచుకుంటే అది ప్రతి. తెరుచుకోకపోతే, మూలం ఇంకా చేతిలో ఉండగానే ఆ సంగతి తెలిసింది, అంతే చాలు.

ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే వాళ్ల చేత ఒక పాటో, ఒక కథో చెప్పించి ఎక్కించండి. ఆ రాత్రే వేరే ఊళ్లో ఉన్న తోబుట్టువుకు పంపించండి.