గొంతు ఎక్కడ తగ్గుతుందో వాళ్లకు వినబడుతుంది



పోయిన వారం హాస్టళ్ల గురించి రాస్తే, చూపులేని విద్యార్థుల సంగతేమిటని కొందరు అడిగారు. సరైన ప్రశ్నే. మా కొత్తపేటలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన ఒకాయన చేస్తున్న పని చెబితే అందులోనే సగం జవాబు ఉంది. ఆయన మన పేట మనిషే. పేరు రాయొద్దన్నారు కాబట్టి మేనేజరు గారు అందాం.

ఆయన పుస్తకాలు చదివి ఫోన్‌లో రికార్డు చేస్తారు. ఆ ఆడియోలు చూపులేని విద్యార్థులకు వెళ్తాయి. తెల్లవారుజామున నాలుగింటికే కూర్చుంటారు. ఐదు దాటితే ఒకపక్క గుడి మైకు, ఇంకోపక్క చర్చి మైకు. (ఈ ఒక్క విషయంలో మా ఊళ్లో అందరూ సమానమే.) చప్పుడు రాకూడదని ఫ్యాను ఆపేస్తారు. కోనసీమ ఉక్కలో, దోమల మధ్య గంటసేపు అలా కూర్చోవడమంటే ఏమిటో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. పుస్తకంలో పట్టిక వస్తే దాన్ని గడగడా చదివేస్తే కుదరదు. ఎన్ని నిలువు వరసలు, ఏ వరసలో ఏముంది అని ముందే చెప్పాలి. ఇవన్నీ ఆయన వినేవాళ్ల దగ్గరే నేర్చుకున్నారు.

'ఇప్పుడు ఫోనే చదివి పెడుతుంది కదా' అనేవాళ్లున్నారు. ఫోను చదవాలంటే అక్షరాలు యూనికోడ్‌లో ఉండాలి. మన తెలుగు పుస్తకాలు చాలావరకు అను ఫాంట్లలో కంపోజైనవి. ఆ ఫైలు ఇస్తే స్క్రీన్ రీడర్ అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వినిపిస్తుంది. పాత పుస్తకం స్కాన్ చేసి ఇస్తే దానికది వట్టి బొమ్మ. పేరున్న పుస్తకాలకైతే ఎవరో ఒకరు తంటాలు పడతారు. జీతంలో మిగుల్చుకుని మనవాళ్లు అచ్చేసుకున్న కవితా సంపుటికి ఎవరు పడతారు?

అసలు గొడవ ఇక్కడుంది. ఏ పుస్తకం చదవాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? రిటైరైన పెద్దమనుషులు సేవకు కూర్చుంటే తమకు నచ్చిందే చదువుతారు. భాగవతమో, నీతికథలో, వ్యక్తిత్వ వికాసమో. చదవొద్దనను. కానీ కళ్లున్నవాడు లైబ్రరీలో ఇంకో బీరువా దగ్గరికి నడిచి వెళ్లగలడు. చూపులేని విద్యార్థికి ఎవరో చదివి పెట్టిందే లైబ్రరీ. వేదం విన్న శూద్రుడి చెవుల్లో కరిగించిన లోహం, లక్క పోయమన్న గౌతమ ధర్మసూత్రం పుట్టిన దేశమిది. ఎవరి చెవి ఏం వినాలన్నది ఇక్కడ ఎప్పుడూ రాజకీయమే.

మేనేజరు గారు మొదట్లో పోటీ పరీక్షల పుస్తకాలే చదివేవారు. తర్వాత రాజోలు వైపు నుంచి డిగ్రీ చదివే ఒకమ్మాయి జాబితా పంపింది. జాషువా 'గబ్బిలం', బోయి భీమన్న, కల్యాణరావు 'అంటరాని వసంతం', ఇంకా కొన్ని దళిత కథలు. ఆయన కథలతో మొదలుపెట్టారు. నాలుగు కథలు విన్నాక ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"బాగా చదివారండి. కానీ మాల అనే మాట కాడికొచ్చేసరికి మీ గొంతు తగ్గిపోతందండి. ఎందుకండీ?"

ఆయనకు వెంటనే జవాబు దొరకలేదట. ముప్పై ఏళ్లు ఉద్యోగంలో, అద్దె ఇళ్ల వేటలో, క్యాంటీన్ బల్లల దగ్గర ఆ మాటను గొంతు తగ్గించి పలికో, అసలు పలక్కుండానో నెట్టుకొచ్చిన మనిషి. మన మొదటి తరం ఉద్యోగులు చాలామంది అలాగే నెట్టుకొచ్చారు. వాళ్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఆయన పక్కనే కూర్చుని విన్నా నేను దాన్ని పట్టుకోగలిగేవాణ్ణి కాదు. ఆ అమ్మాయి పట్టుకుంది. ఆయన ఆ నాలుగు కథలూ మళ్లీ రికార్డు చేశారు.

ఇంకొకరు చదివితే ఇంకోలా చెడుతుంది. తిట్టును మింగేస్తారు, 'కాడ'ను 'దగ్గర' చేస్తారు, పేట మాటను రేడియో మాటగా దిద్దుతారు. మర్యాదనుకునే చేస్తారు, నిజమే. కానీ వినేవాళ్లకు చేరేది రచయిత కాదు, దిద్దినాయన.

ఇక 'సేవ' అనే మాట. ('దివ్యాంగులు' అన్న మాట లాగే ఇదీ నాకు మింగుడుపడదు.) వికలాంగుల కోసం పనిచేసే సంస్థలు లాభం చూసుకోకుండా పుస్తకాన్ని వాళ్లకు అందే రూపంలోకి మార్చుకోవచ్చని 2012లోనే కాపీరైట్ చట్టాన్ని సవరించారు. 2013 నాటి మర్రకేష్ ఒప్పందాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు, 2014లో, ధ్రువీకరించింది మన దేశమే. 2016లో సుగమ్య పుస్తకాలయ పేరుతో ఆన్‌లైన్ లైబ్రరీ పెట్టారు. అదే ఏడాది వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు ఇమ్మంది. సీటిచ్చి పుస్తకం ఇవ్వకపోవడమంటే విస్తరేసి వడ్డించకుండా లేపడమే. మేనేజరు గారికి జలుబు చేస్తే ఆ వారం కొందరి సిలబస్ ఆగిపోతోంది. ఇది ఆయన గొప్పతనం కింద రాసుకోవాల్సింది కాదు, విశ్వవిద్యాలయాల బాకీ కింద రాయాల్సింది.

ఆ బాకీ వసూలుకు విద్యార్థి సంఘాలు మీ డిమాండ్ల పత్రంలో ఒక లైను పెట్టండి: తెలుగు పాఠ్యపుస్తకాలన్నీ యూనికోడ్‌లో, సీటుతో పాటే. ఈలోగా మనం చేయగలిగింది ఉంది. రిటైరైన మన ఉద్యోగులు, టీచర్లు, నర్సులు వారానికి రెండు గంటల గొంతు ఇవ్వండి. జాబితా మాత్రం వినేవాళ్లదే. మన రచయితలు, చిన్న పత్రికలవాళ్లు డీటీపీ ఆపరేటర్ దగ్గర ఫైలు ఇంకా ఉందో లేదో ఈ వారమే అడగండి. దొరికితే ఇన్‌బాక్స్‌లో చెప్పండి. యూనికోడ్‌లోకి మార్చే పిల్లలు అమలాపురంలో ఇద్దరు సిద్ధంగా ఉన్నారు.