ట్యూబ్‌లైటు పక్కనున్న వింత

కొంచెం పొడుగైన పోస్టు, తీరికగా చదవండి.

మన గ్రూపులో పొద్దున్నే గుడ్ మార్నింగ్ పువ్వులు వస్తాయి. వాటి వెనకాలే "మీకు తెలుసా?" అని వింతలు వస్తాయి. ఈ మధ్య వచ్చినవాటిలో నాలుగు చెబుతాము. గోల్డ్ ఫిష్‌కు జ్ఞాపకం 3 సెకన్లే. నిప్పుకోడికి భయం వేస్తే తల ఇసుకలో పూడ్చుకుంటుంది. మగనెమలి కన్నీళ్ళు తాగి ఆడనెమలి గుడ్లు పెడుతుంది. నాగుపాముకు పాలంటే ప్రాణం.

నాలుగూ అబద్ధమే. గోల్డ్ ఫిష్‌కు ఏదైనా నేర్పిస్తే నెలల తరబడి గుర్తు పెట్టుకుంటుంది. నిప్పుకోడి నేలమీద గుంటలో గుడ్లు పెట్టి, వాటిని తిప్పడానికి తల వంచుతుంది. దూరంనుంచి చూసినవాండ్లకు తల పూడ్చినట్టు ఉంటుంది. నెమళ్ళు తక్కిన పక్షుల మాదిరే జతకడతాయి. 2017లో రాజస్థాన్ హైకోర్టు జడ్జి ఒకరే ఈ కన్నీళ్ళ కథను విలేకరులతో చెప్పినారు కాబట్టి మన గ్రూపులో చెప్పినవాండ్లను ఎక్కువ అనడానికి లేదు. పాము ఎలుకను, కప్పను మింగే జంతువు. రోజుల తరబడి నీళ్ళు లేక దాహంతో ఉన్న పాము ముందు ఏది పోసినా తాగుతుంది. ఆ పాలు దానికి అరగవు.

"పోనీలేండి, నవ్వుకోవడానికి కదా, దీనివల్ల ఏమి నష్టం?" అని కొందరు అంటారు. నష్టం రెండు విధాలుగా ఉంది అని మా అభిప్రాయం.

మొదటిది అందరికీ తెలిసిందే. షుగరు మాత్రలు ఆపేసి ఈ కషాయం తాగండి అనే మెసేజి కూడా అదే గ్రూపులో, అదే రంగురంగుల అక్షరాలతో వస్తుంది. నెమలి కన్నీళ్ళను అడగకుండా నమ్మే అలవాటు పడినవాండ్లు కషాయాన్ని మాత్రం ఎందుకు అడుగుతారు?

రెండవది మనలాంటి వాండ్లకు ఇంకా పెద్దది. మనము తమిళనాడులో తరతరాలుగా ఉన్న తెలుగువాండ్లము. మన ముత్తాతలు ఏ ఊరు వదిలి వచ్చినారు, ఏ కరువులో వచ్చినారు, మన ఇంటిపేరు ఎట్లా వచ్చింది, కులదైవం గుడి ఎక్కడ ఉంది, వీటిలో చాలావాటికి పుస్తకం లేదు, పట్టా లేదు. పెద్దవాండ్ల నోటిమాట ఒక్కటే ఆధారం. ఇప్పటి పిల్లకాయలు మనము పంపిన నిప్పుకోడి కథను అర నిమిషంలో ఫోనులో వెదికి, "తాతా, ఇది పొయ్యి" అని నవ్వుతారు. వాండ్ల భాషలో పొయ్యి అంటే అబద్ధం, మనము పొయ్యి అంటే అడుగుతారేమో అగ్గి ఉందా అని! ఇట్లా పదిసార్లు నవ్వినాక, మనము ముత్తాత సంగతి చెప్పినప్పుడు కూడా ఆ పిల్లవాడు అదే నవ్వు నవ్వుతాడు. దానిని వెదికి చూసుకోవడానికి ఏ ఫోనులోనూ ఏమీ లేదు. మన మాట విలువ పోతే ఆ చరిత్ర కూడా పోయినట్టే.

అందుకని వింతలు మానేయమని చెప్పడం లేదు. వింత లేకపోతే పిల్లకాయలకు మన దగ్గర కూర్చోవడానికి ఏమి పని? మేము చెప్పేది, కంటితో చూపించగల వింతను చెప్పండి అని. ఆస్ట్రేలియా, ఆఫ్రికా దాకా పోవద్దు. రాత్రి 7 గంటలకు తల ఎత్తి ట్యూబ్‌లైటు పక్కన చూస్తే చాలు. బల్లి ఉంటుంది.

రైల్వేలో రాత్రి డ్యూటీ చేసినవాండ్లకు బల్లి కొత్త కాదు. చిన్న స్టేషన్లలో చివరి ప్యాసింజరు పోయినాక బుకింగ్ ఆఫీసులో మిగిలేది మేము, లైటు, లైటు చుట్టూ పురుగులు, పురుగులకోసం బల్లులు. అట్ట టికెట్లు పెట్టే చెక్క బీరువా వెనుక రెండేసి తెల్లని గుడ్లు ఉండేవి. బల్లి ఒక ఈతకు సాధారణంగా రెండే గుడ్లు పెడుతుంది. పెంకు గట్టిగా ఉంటుంది.

అది కప్పుమీద తలకిందులుగా ఎట్లా నడుస్తుంది? గ్రీసు దేశపు అరిస్టాటిల్ 2,300 ఏండ్ల ముందే బల్లి చెట్టుమీద తలకిందులుగా కూడా పరుగెత్తుతుందని రాసిపెట్టినాడు. కారణం గట్టిగా తేలింది మాత్రం 2000 తరువాతనే. దాని కాళ్ళలో జిగురు లేదు. రబ్బరు మూత మాదిరి గాలి పీల్చి పట్టుకోవడమూ కాదు. వేళ్ళ కింద మన తలవెంట్రుకకన్నా ఎంతో సన్నని వెంట్రుకలు ఉంటాయి. టోకే అనే పెద్దజాతి బల్లికి ఒక్కొక్క పాదంలో సుమారు 5 లక్షలు. ప్రతి వెంట్రుక కొన మళ్ళీ వందల పోగులుగా చీలి ఉంటుంది. ఇన్ని పోగులు గోడకు మరీ దగ్గరగా ఆనినప్పుడు, అణువులకు అణువులకు మధ్య ఉండే చిన్న ఆకర్షణ అంతా కలిసి బల్లి బరువును మోస్తుంది. దీనికి వాన్ డెర్ వాల్స్ బలం అని పేరు. కాలు తీయాలంటే వేళ్ళను పైకి చుట్టి, మనము స్టిక్కరును ఒక మూలనుంచి ఒలిచినట్టు ఒలుచుకుంటుంది. చచ్చిన బల్లి కాలు కూడా అంతే బలంగా పట్టుకుంటుంది అని 2014లో పరీక్షించి చూసినారు.

అంతటి కాలు కూడా జారే చోటు ఒకటి ఉంది. పొడిగా ఉన్న టెఫ్లాన్. నాన్-స్టిక్ దోసె పెనానికి పూసేది అదే. దయచేసి ఇంట్లో పెనం తీసుకొని పరీక్ష చేయకండి, ఆ తరువాత జరిగేదానికి సంఘం బాధ్యత వహించదు.

తోక సంగతి పిల్లకాయలందరికీ తెలుసు. పిల్లి పట్టుకుంటే తోకను వదిలేసి పారిపోతుంది. తోక ఎముకల్లోనే తెగడానికి ఏర్పాటైన చోట్లు ఉంటాయి. తెగిన తోక ఎగిరెగిరి పడుతుంటే పిల్లి దానినే చూస్తుంది. మళ్ళీ మొలిచే తోకలో ఎముక ఉండదు, మృదులాస్థి ఉంటుంది. కంటికి రెప్ప కూడా లేదు. మన కండ్లద్దాల మాదిరి ఒక పారదర్శకమైన పొర ఉంటుంది, దుమ్ము పడితే నాలుకతో తుడుచుకుంటుంది.

బల్లి విషమా? మన ఇండ్లలో ఉండే బల్లికి విషం లేదు. విషమున్న బల్లి జాతులు, గిలా మాన్‌స్టర్ వంటివి, అమెరికా, మెక్సికో వైపు ఉన్నాయి. అయితే బల్లి కడుపులో సాల్మొనెల్లా అనే క్రిమి ఉండవచ్చు. కాబట్టి సాంబారులో పడితే ఆ సాంబారు పారబోయవలసిందే. అంతవరకే. దానికోసం కనిపించిన బల్లినంతా చీపురుతో కొట్టి చంపితే, దోమలను, పురుగులను ఎవరు తింటారు?

"అట్లయితే బల్లి శాస్త్రం అబద్ధమా?" అని మన పెద్దలు అడుగుతారు. పంచాంగంలో ఉన్నది పంచాంగానికే వదిలేద్దాం. మీద పడితే తలస్నానం చేయండి, నీళ్ళ ఖర్చు తప్ప నష్టం లేదు. కంచి వరదరాజస్వామి గుడికి పోయి బంగారు బల్లిని, వెండి బల్లిని తాకి రానివాండ్లు మనలో ఎవరు? గురువుగారికి తెచ్చిన నీళ్ళలో బల్లి పడింది శిష్యులు చూసుకోలేదు, అందుకు శాపం తగిలి వాండ్లే బల్లులైనారు అని అక్కడ చెప్పే కథ. ఆ కథలో కూడా తప్పు బల్లిది కాదు, కండ్లు పెట్టి చూడని శిష్యులది.

భాషలో కూడా ఈ బల్లి మనకు ఒక వింత పెట్టింది. తెలుగులో బల్లి, తమిళంలో పల్లి. తమిళంలో బడి కూడా పళ్ళి. ల, ళ తేడా తప్పితే పిల్లవాడు చదువుకోవడానికి బల్లిలోకి పోయినట్టు అవుతుంది. తమిళ మీడియంలో చదివిన మాకు ఈ రెండు అక్షరాలకోసం తిన్న దెబ్బలు ఇంకా గుర్తున్నాయి. ఇక హైదరాబాదులో పల్లీలు అంటే శెనక్కాయలు. అక్కడి హోటలులో ఇడ్లీతోపాటు "పల్లీ చట్నీ" అని పెడితే, మన మనవరాలు ప్లేటు దూరంగా తోసేస్తుంది. తప్పు ఆ పిల్లది కాదు. మూడు మాటలూ తెలిసిన పెద్దవాండ్లు పక్కన కూర్చొని చెబితే, ఆ పిల్ల నవ్వుతూ తింటుంది, తెలుగు, తమిళం రెండూ నేర్చుకుంటుంది.

కాబట్టి సంఘానికి మా మనవి రెండే. ఒకటి, గ్రూపులో వింత పంపేవాండ్లు తాము చూసినదా, చదివినదా, ఊరకే వచ్చినదా అని కింద ఒక వరుస రాయాలి. ఊరకే వచ్చినది అయితే పంపకుండా ఉంటే ఇంకా మేలు. రెండు, ఆదివారం పిల్లకాయల తెలుగు క్లాసులో మొదటి పది నిమిషాలు ఒక్కొక్క పిల్ల ఆ వారం ఇంట్లో తాను చూసిన ఒక వింతను తెలుగులో చెప్పాలి. చీమ, ఉడుత, కాకి, పాలు పొంగడం, ఏదైనా సరే. మాట తెలియకపోతే తమిళంలో చెప్పనీండి, తెలుగుమాట మనము అందిద్దాం. మనకూ తెలియకపోతే ఇంటికి పోయి అమ్మమ్మను అడిగి రమ్మందాం.

ఒప్పుకోనివాండ్లు కారణం రాయండి, జవాబు చెబుతాము. ఒప్పుకొనేవాండ్లు ఈ రాత్రి ట్యూబ్‌లైటు వెలిగించి పిల్లకాయలను పిలవండి.