పిడికెడు నెత్తురు చాలదా?

దసరా రాత్రి కర్నూలు జిల్లా దేవరగట్టులో మాళ మల్లేశ్వరుల కల్యాణం అయ్యాక ఉత్సవమూర్తులు కొండ దిగుతాయి. వాటిని కాచుకుంటూ నెరణికి, నెరణికి తండా, కొత్తపేట జనం ఒకవైపు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మరోవైపు దివిటీల వెలుగులో కర్రలతో కలబడతారు. కొన్ని కర్రలకు ఇనుప రింగులు తొడిగి ఉంటాయి. తల పగిలినవాడు గాయానికి పసుపు అద్దుకుని మళ్లీ గుంపులోకి దూరతాడు. పోలీసులు ముందే ఊరూరా తిరిగి కర్రలు పట్టుకుంటారు, వైద్యశిబిరం పెట్టిస్తారు. కర్రలూ ఆగవు, శిబిరమూ ఖాళీగా ఉండదు.

ఇది భక్తా, మూఢత్వమా అని ఏటా చర్చ. నిజానికి ఆ ప్రశ్నతో పని జరగదు. పాత క్రతువుల్లో నెత్తురు లేనివి తక్కువ. గంజాం కొండల్లో ఖోండు గిరిజనులు భూదేవికి మనిషిని బలిచ్చేవారు. నెత్తురు పడకపోతే పసుపుకు రంగు రాదని నమ్మేవారు. వాళ్ల విశ్వాసం నకిలీదని ఎవరనగలరు? అయినా 19వ శతాబ్దంలో కుంపిణీ ప్రభుత్వం ఆ బలిని ఆపించింది, మనిషి స్థానంలోకి దున్న వచ్చింది. మతం మాత్రం చచ్చిపోలేదు.

మన న్యాయస్థానాలు ఈ చిక్కులోకి కోరి దిగాయి. 1954 నాటి శిరూరు మఠం తీర్పు నుంచి, ఒక ఆచారం మతానికి అత్యవసరమా కాదా అని తూచడం మొదలైంది. 2004లో ఆనందమార్గీయులు వీధుల్లో చేసే తాండవం కేసు ఈ తూకం ఎంత విచిత్రమో చూపింది: ఆ మార్గం 1955లో పుట్టింది, కత్తి, పుర్రెలతో తాండవం 1966లో వచ్చింది, కాబట్టి అత్యవసరం కాదన్నారు. మరి వేయేళ్ల నాటిదైతే నడివీధిలో కత్తి తిప్పవచ్చా? రాజ్యాంగం 25వ అధికరణం మతస్వేచ్ఛను శాంతిభద్రతలకు, నైతికతకు, ఆరోగ్యానికి లోబరిచే ఇచ్చింది. జడ్జీలు పూజారుల పని నెత్తిన వేసుకోకుండానే తీర్పు చెప్పవచ్చు.

దేవరగట్టు కథలోనే ఒక కొలత ఉంది. స్వామి చేతిలో చచ్చేముందు రాక్షసులు ఏటా పిడికెడు నెత్తురు అడిగారట. ఊరేగింపు దారిలో రక్షపడ అనే చోట గొరవయ్య అనే స్వామి సేవకుడు తన తొడ నుంచి ఆ బాకీ తీరుస్తాడు. మిగతా తలకాయల నెత్తురు ఏ దేవుడి ఖాతాలోదో పెద్దలే చెప్పాలి. ఉత్సవానికి ముందు కక్షలు పెట్టుకోమని ఊళ్లవాళ్లు పాలబాస చేస్తారు. ఇనుప రింగు తేమనీ, తాగి రామనీ అదే బాసలో కలిపితే పోలీసు బందోబస్తుకు లేని బలం దానికి ఉంటుంది.