చచ్చిన బల్లుల సంగతి మనకెందుకంటారా?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మ్యూజియంలో ఉన్న పాత జంతువుల నుంచి డీఎన్ఏ తీసి, ఇన్నాళ్ళూ ఎవరూ గుర్తించని జాతుల్ని బయటపెడుతున్నారని మొన్న మేం గ్రూపులో పెట్టాం. కింద ఒక అన్న రాశాడు: "చచ్చిన బల్లుల సంగతి మనకెందుకు తమ్ముడూ, డీఎస్సీకి చదువుకోండి." చాలామంది లైకులు కొట్టారు. అన్నా, డీఎస్సీకి మేమూ చదువుతున్నాం. మా హాస్టల్లో అర్ధరాత్రి దాకా లైట్లు వెలిగేది అందుకే. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు, ఉద్యోగం విలువ మాకు ఒకరు చెప్పక్కర్లేదు. కానీ ఈ సంగతి మనది కాదంటే మాత్రం ఒప్పుకోం.

చైనాలో దాదాపు మనిషంత పొడవు పెరిగే సాలమాండర్ ఉంది. కప్పకి చుట్టం, వాగుల్లో బతుకుతుంది. అదంతా ఒకటే జాతి అనుకున్నారు. మాంసం కోసం ఫారాల్లో పెంచారు, ఒక నది దాన్ని ఇంకో నది దానితో కలిపేశారు. అడవిలో తగ్గిపోతున్నాయని ఫారం వాటినే తెచ్చి వాగుల్లో వదిలారు. ఇప్పుడు వాగులో ఒకటి దొరికితే అది ఆ వాగుదో, ఫారందో చూసి చెప్పలేని పరిస్థితి. అప్పుడు అక్కరకొచ్చినవి మ్యూజియం సీసాలే. ఈ కలగాపులగం జరగకముందు పట్టిన 17 పాత నమూనాల డీఎన్ఏని కూడా కలిపి చూస్తే, ఉన్నది ఒకటి కాదు, మూడు జాతులని 2019లో తేలింది. అందులో ఒకదానికి 1924లోనే పేరు పెట్టారు, తర్వాత వేరే జాతి కాదని కొట్టేశారు. లండన్ జూలో బతికి మ్యూజియంకి చేరిన జంతువు ఇన్నేళ్ళకి సాక్ష్యం చెప్పింది. అంటే మంచి చేస్తున్నామనుకుని వాగుల్లో వదిలినవాళ్ళు, ఒక జాతి మీద ఇంకో జాతిని తెచ్చిపోశారన్నమాట.

పాత డీఎన్ఏ తీయడం తేలిక కాదు. అది చిన్న చిన్న ముక్కలైపోయి ఉంటుంది, ఫార్మలిన్‌లో నానిందైతే మరీ కష్టం. పక్షులకైతే కాలివేలి కింద చర్మం పిసరంత కోస్తారు.

మన తెలుగు నేల మీదకి రండి. కడప జిల్లా కలివికోడి పేరు విన్నారుగా. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనుకున్నారు. 1986లో మళ్ళీ దొరికింది. పుస్తకాల్లో పరిశోధకులు కనుగొన్నారని ఉంటుంది. రాత్రి పూట టార్చి వెలుగులో దాన్ని పట్టి చూపించింది అక్కడి వేటగాడు ఐతన్న. ఈ పేరు మనలో ఎంతమందికి తెలుసు? ఆ పక్షి గుడ్డు ఒకటి స్కాట్లాండ్‌లో అబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో పడి ఉంది, 1917లో కోలార్ బంగారు గనుల దగ్గర పనిచేసిన పశువుల డాక్టరు సేకరించింది. మ్యూజియంలో ఉన్న పాత పక్షుల కాలివేలి చర్మంతో పోల్చి, ఇది కలివికోడిదేనని 2013లో ప్రకటించారు. తొంభై ఏళ్ళు దాటినా ఆ పెంకులో రుజువు మిగిలే ఉంది.

ఇంకా దగ్గరికి రండి. 1870లో బెడ్డోమ్ అనే మద్రాసు అటవీ అధికారి, మన విశాఖ మన్యంలోని గొలుగొండ కొండల నుంచి వచ్చిన ఒక నలికండ్లపాముకి శాస్త్రీయ నామం పెట్టాడు. చాలాకాలం లోకానికి తెలిసింది ఆ ఒక్క నమూనాయే. ఆ కొండల్లో దారి చూపేవాళ్ళు, రాయి ఎత్తేవాళ్ళు లేకుండా దొరలు తామే అన్నీ పట్టుకున్నారంటే మేం నమ్మం. చీటీ మీద మాత్రం దొర పేరే.

అయితే "అదంతా దోపిడీ, సర్వేవాళ్ళని ఊళ్ళోకి రానివ్వొద్దు" అనే మిత్రులతోనూ మాకు పేచీ ఉంది. ఆ సీసాలు దాచకపోతే సాలమాండర్ నిజం ఎప్పటికీ బయటపడేది కాదు. పైకి ఒకేలా ఉండే రెండు జాతుల్ని మన తాతలైనా చూపుతో విడదీయలేరు, అందులో చిన్నతనమేం లేదు. అలాగే డీఎన్ఏ ఇది ఫలానాది అని చెబుతుంది గానీ, ఏ గెడ్డ పక్కన, ఏ రాయి కింద, ఏ నెలలో దొరుకుతుందో చెప్పదు. అది మనోళ్ళకి తెలుసు. రెండూ పక్కపక్కన రాస్తేనే పూర్తి లెక్క.

మా కాలేజీ ల్యాబ్‌లో ఒక పాము సీసా ఉంది. లాటిన్ పేరు ఉంది, ఊరు లేదు, తేదీ లేదు. పరీక్షకి బొమ్మ గీస్తాం, మార్కులు పడతాయి. ఎక్కడిదో తెలియని పాముకి రేపు డీఎన్ఏ తీసినా సగమే ఉపయోగం. ఊరి పేరు రాయడానికి ఒక్క నిమిషం పట్టేది కాదూ?

అందుకే అడుగుతున్నాం. జీవవైవిధ్య చట్టం 2002లో వచ్చింది. దాని ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఒక కమిటీ ఉండాలి, ఊరివాళ్ళని అడిగి జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. ఈ దసరా సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు పంచాయతీలో ఆ రిజిస్టరు చూపించమనండి. జంతువులకి మన భాషలో మనం పిలిచే పేర్లు ఉన్నాయా, చెప్పిన పెద్దల పేర్లు రాశారా చూడండి. సర్వేకి ఎవరైనా వస్తే అవి రాయమనండి, తేలిందేంటో గ్రామసభలో వచ్చి చెప్పమనండి. రిజిస్టరు ఉంటే అట్ట ఫోటో ఇక్కడ పెట్టండి, మందుమొక్కల పేజీలు మాత్రం పెట్టొద్దు. లేకపోతే లేదని ఊరి పేరుతో రాయండి. బల్లుల సంగతి మనకెందుకన్న అన్నా, మీ పంచాయతీది కూడా.