గొళ్ళెం మరచిన గడప

ఇంటికి గడప ఎంత ముఖ్యమో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. సంధ్యవేళ దీపం వెలిగేది, అతిథికి స్వాగతం పలికేది, అపరిచితుణ్ణి నిలదీసేది అక్కడే. నేటి గృహాలకు కంటికి ఆనని మరొక గడప ఏర్పడింది. బ్రాడ్‌బ్యాండ్ తీగ వచ్చి చేరే రూటరే ఆ గడప. దాని రక్షణ విషయంలో మాత్రం ‘తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని’ అన్న సామెత ఎన్నో ఇళ్ళలో నిజమవుతున్నది.

భారత ప్రభుత్వం 2004లో ప్రకటించిన విధానం ప్రకారం బ్రాడ్‌బ్యాండ్ కనీస వేగం సెకనుకు 256 కిలోబిట్లు. 2023లో అది 2 మెగాబిట్లకు పెరిగింది. ఆనాడు ఇంటికి ఒక కంప్యూటర్ ఉంటే గొప్ప. ఈనాడు అన్న కంప్యూటర్, చెల్లెలి ఫోన్, హాలులోని టీవీ, వాకిట కెమెరా అన్నీ ఒకే తీగను పంచుకుంటున్నాయి.

ఈ పంపకం చేసేది రూటర్. పాత పద్ధతిలోని అంతర్జాల చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. ప్రపంచంలోని పరికరాలన్నిటికీ అవి చాలవు. అందుచేత సాధారణంగా ఇల్లంతటికీ బయట ఒకే చిరునామా ఉంటుంది. లోపలి పరికరాలకు రూటర్ వేరు చిరునామాలు ఇచ్చి, వచ్చిన సమాచారాన్ని ఎవరిది వారికి చేరుస్తుంది. లోపలివారు కోరని సమాచారాన్ని సాధారణంగా గడప దాటనివ్వదు.

అయితే ఈ ద్వారపాలకుణ్ణి శాసించే సంకేతపదమే లోకానికంతటికీ తెలిసినదైతే కాపలాకు అర్థమేమిటి? తయారీదారులు పెట్టిన సంకేతపదాలను మార్చని కెమెరాలు, రూటర్లు 2016లో ‘మిరాయ్’ అనే దుష్ట ప్రోగ్రాముకు లొంగిపోయాయి. ప్రచారంలో ఉన్న 60కి పైగా పేర్లు, సంకేతపదాల జంటలను ప్రయోగించి అది వాటిని వశపరచుకొన్నది. ఆ సంవత్సరం అక్టోబరు 21న అటువంటి పరికరాల మూకుమ్మడి దాడి వలన అమెరికాలో ట్విట్టర్ వంటి ప్రసిద్ధ సేవలు గంటల తరబడి ఎందరికో అందకుండా పోయాయి.

‘మా ఇంట్లో దోచుకొనడానికి ఏమున్నది?’ అని కొందరు అంటారు. ఈ దొంగకు కావలసింది సొత్తు కాదు, దారి. ఒకరి నిర్లక్ష్యం మరొకరి ఇంటికి కన్నమవుతుంది. బాధ్యత తయారీదారులదే అనే వాదనలోనూ న్యాయమున్నది. పరికరాలన్నిటికీ ఒకే సంకేతపదం పెట్టడాన్ని బ్రిటన్ 2024లో చట్టరీత్యా నిషేధించింది. కాని ఇప్పటికే ఇంట్లో ఉన్న పాత పరికరాన్ని చక్కదిద్దవలసింది ఇంటివారే.

ఇందుకు ఇంజినీరే రానక్కరలేదు. రూటర్ నిర్వహణకు కొత్త సంకేతపదం పెట్టడం, వైఫైకి దీర్ఘమైన వేరొక పదం ఎంచుకోవడం, రూటర్ సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు నవీకరించడం, అతిథులకు ప్రత్యేక వైఫై కేటాయించడం ఇంటర్మీడియట్ విద్యార్థికి సాధ్యమైన పనులే. ఆ సంకేతపదాలను కాగితంపై వ్రాసి తల్లిదండ్రులకు అప్పగించడం కూడా అంతే అవసరం. ఇంటి తాళంచెవి ఒక్కరి జేబులోనే ఉండరాదు.

తీగ వేసినవారు వేగం చూపించి వెళ్ళిపోతారు. గొళ్ళెం వేసుకోవలసింది ఇంటివారు. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగి ప్రయోజనం లేదు.